రాతికి కొయ్య ఉలి

శ్రీకాకుళంలో ఆడవాళ్ళకి శిల్పం పని నేర్పుతారని, ఆరు నెలల శిక్షణ అని, పనిముట్లు కూడా సర్కారువాళ్ళే ఇస్తారని మా వీధిలో కరపత్రాలు పంచారు. రాష్ట్రం ఇంకా విడిపోలేదప్పటికి. నాకు ముప్ఫై రెండేళ్ళు. ఆమదాలవలసలో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన రైసుమిల్లులో పనిచేసేవాడు. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో చదువాపేసి పెళ్ళి చేసుకున్నదాన్ని. వినాయక చవితి వస్తే మా వీధిలో సగం ఇళ్ళకి మట్టి ప్రతిమలు నేనే చేసిచ్చేదాన్ని. అంతకుమించి నాకు చేతనైందని చెప్పుకోడానికి ఏమీ లేదు.

కరపత్రం చూపిస్తే మా ఆయన నవ్వాడు.

"రోజూ శ్రీకాకుళం ఎల్లి రాళ్ళు కొడతావేటి?"

"కొడతాను. ఏం?"

"కొట్టు. కాలు మీద మాత్రం ఎట్టుకోకు."

అలా చేరాను. ఊరి చివర ఒక పాత గోడౌను అద్దెకి తీసుకుని దాన్నే శిక్షణ కేంద్రం అన్నారు. మేం ఇరవై మందిమి. మాకు నేర్పడానికి విజయనగరం దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చారు. తాతల కాలం నుంచీ గుళ్ళకి విగ్రహాలు చెక్కే కుటుంబం. అరవై దాటాయి. సుత్తి చప్పుడుకి ఒక చెవి సరిగా వినపడదు. అందరం ఆయన్ని మేస్త్రి గారనేవాళ్ళం.

నా పక్కన కూర్చునే ఆవిడ సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చేది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఇరవై ఏళ్ళు ఊళ్ళు తిరిగిందట. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద, అందుకని అప్పా అని పిలిచేదాన్ని. నన్ను సెల్లీ అనేది. ఎందుకు చేరావని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది.

"మోకాళ్ళు పోనాయి సెల్లీ. కూకుని సేసే పని కావాల నాకు. ఇదయితే కూకునే కదా."

ఆవిడకి చదువు రాదు. సంతకం కూడా రాదు, వేలిముద్రే. కానీ చేతిలో ఉన్న బలం మా ఎవ్వరికీ లేదు.

మొదటి నెలంతా పనిముట్లు రాలేదు. "రాకపోడవే మంచిది. వొచ్చీసినాయంటే మీరు ముందు ఆటినే సూస్తారు, పని సూడరు" అనేవారు మేస్త్రి గారు. ఆ నెలంతా మట్టే. నాగావళి ఒడ్డుకి తీసుకెళ్ళి ఎక్కడి మట్టి తియ్యాలో చూపించారు. మట్టిని చిటికెన వేలంత తాడులా పామి వేలికి చుట్టమనేవారు. పగుళ్ళిస్తే ఇసక ఎక్కువ ఉన్నట్టు. వేళ్ళకంటుకుని సాగిపోతే తక్కువ ఉన్నట్టు. చుట్టినా పగలక, విప్పినా అంటక ఉంటే అది బొమ్మకి పనికొచ్చే మట్టి. మట్టి పనికి ఆయన మాచేత ఏదీ కొనిపించలేదు. వెదురు బద్ద, సైకిలు చక్రం చువ్వ, పళ్ళు విరిగిన దువ్వెన, పాత చీరముక్క. ఇవి లేని ఇల్లుందా అని అడిగారు. లేదు మరి.

ఆయన సంచిలో నాలుగు సుత్తులుండేవి, ఒకదాని కంటే ఒకటి బరువు. ఒక రోజు వాటిని వరసగా పెట్టి ఒక్కొక్కర్నీ పిలిచారు. సుత్తి పట్టుకుని చెయ్యి తిన్నగా చాపమన్నారు. ఆయన చుట్ట ముట్టించి రెండు దమ్ములు లాగేలోపు చెయ్యి వణికిందా, ఆ సుత్తి మనది కాదు. చిన్నది తీసుకోడానికి సిగ్గుపడి నేను రెండో పెద్ద సుత్తి తీసుకున్నాను. ఒక దమ్ముకే వణికింది.

"సుత్తి బరువు ఒకలికి సూపించుకోడానికి కాదమ్మా. పొద్దస్తమానం ఎత్తాల. సాయంత్రం ఇంటికెల్లి వొండుకోడానికి సెయ్యి మిగలాల కదా" అని నా చేతిలోంచి తీసేసుకుని చిన్నది పెట్టారు.

అప్ప అన్నిటికంటే పెద్దది తీసుకుంది. చుట్ట సగం అయింది. చెయ్యి కదల్లేదు.

"ఇంకెంతసేపు బాబూ? నా తట్టలో సగం బరువు నేదిది" అంది.

ఆయన నవ్వగా చూడడం అదే మొదలు. ఆ రోజు నుంచీ ఆవిడకి వేరే పాఠం, మాకు వేరే పాఠం అన్నట్టుండేది. నాకు కొంచెం కష్టంగానే ఉండేది. చదువుకున్నదాన్ని నేను కదా అని లోపల ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం.

రాయి సంగతి కూడా ముందుగానే చెప్పారు. నేర్చుకునేవాళ్ళకి బలపం రాయి కావాలని, మెత్తగా ఉంటుందని, దాని మీద తప్పు చేస్తే వెంటనే కనబడుతుందని, చేతికి దెబ్బ ఉండదని. ఆఫీసుకి కూడా అదే రాసిచ్చారు. ఉలులు ఎలా ఉండాలో కాయితం మీద బొమ్మ గీసి మరీ ఇచ్చారు. రాతి ఉలికి పిడి ఉండదు, మొత్తం ఒకే ఉక్కు కడ్డీ. ఒకటి సూదిలా మొనదేలినది, ఒకటి చప్పట మొనది, ఒకటి పళ్ళున్నది. ఈ మూడూ ఉంటే ఏడాది వరకూ నాలుగోది అక్కర్లేదన్నారు.

రెండో నెలలో పనిముట్లొచ్చాయి. షామియానా వేశారు. ఎవరో పెద్దమనిషొచ్చి ఇరవై మందికీ ఇరవై ఎర్రటి రేకు పెట్టెలు అందించారు. పెట్టె పట్టుకుని ఒకసారి, ఉలి పట్టుకుని ఒకసారి ఫొటోలు తీశారు. ఉలి తలకిందులుగా పట్టుకున్న ఒకామె ఫొటో మర్నాడు పేపర్లో వచ్చింది.

షామియానా విప్పేశాక పెట్టెలు తెరిచాం. లోపల పసుపు పిడులున్న ఉలులు. పలచటి మొనలు, ఒకవైపు మాత్రమే వాలు. అడుగున చిన్న చిత్రిక కూడా ఉంది. మేస్త్రి గారు ఒకటి తీసి బొటనవేలితో మొన తడిమి పెట్టెలో పెట్టేశారు. మా శిక్షణ కేంద్రం చూసుకునే ఆఫీసరు గారు అక్కడే ఉన్నారు.

"ఇవి కొయ్య ఉలులు బాబూ. వడ్రంగులవి."

"ఉలి అంటే ఉలే కదండీ" అన్నారు ఆఫీసరు గారు.

"కాదు బాబూ. నాను బొమ్మ గీసిచ్చినాను."

"బొమ్మ పైకి పంపాం. పైవాళ్ళు పంపినవి ఇవి. సర్దుకోండి. ఆడవాళ్ళే కదా, మరీ అంత పెద్ద పనులేం చేస్తారు."

రాయి కూడా ఆ వారమే వచ్చింది. బలపం రాయి కాదు. టెక్కలి వైపు క్వారీల్లో పారేసిన గ్రానైటు ముక్కలు, ఊరికే వస్తాయని లారీకెత్తించి పంపారు. మా వైపు దొరికే రాళ్ళలో దానికంటే గట్టిది లేదు. అన్నిటికంటే పలచటి ఉలులు, అన్నిటికంటే గట్టి రాయి.

మేస్త్రి గారు వద్దనే అన్నారు. పని మొదలుపెట్టకపోతే హాజరు వెయ్యనని ఆఫీసరు గారన్నారు. మొదలుపెట్టాం. పది దెబ్బలకి ఉలి మొన వంగిపోయేది. మరికొన్ని దెబ్బలకి పిడి పగిలేది. మూడో రోజున నా వెనక కూర్చున్న అమ్మాయి గట్టిగా కొడితే ఉలి మొన విరిగి ఎగిరి ఆ అమ్మాయి కనుబొమలోనే దిగింది. అరంగుళం కిందకైతే కన్ను. రక్తం కారుతుంటే అప్ప తన చీర కొంగు చింపి కట్టింది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తే మూడు కుట్లు వేశారు.

ఆ సాయంత్రం మేస్త్రి గారు పెట్టెలన్నీ మూయించేశారు. తన సంచిలోంచి సొంత ఉలులు ఆరు తీసి మధ్యలో పెట్టారు. "వొంతులేసుకోండి. ఎవులి వొంతు రాపోతే ఆలు రాయి సూడండి" అన్నారు. రాయి చూడడమంటే ఏమిటో అప్పుడే నేర్పారు. సుత్తితో తట్టి చెవి పెట్టి వినాలి. గంటలా మోగితే నిండు రాయి. బొంగురుగా పలికితే లోపల బీట ఉంది. నీళ్ళు పోసి ఆరేదాకా కూర్చుని చూడాలి. అంతా ఆరిపోయాక ఎక్కడో ఒక గీత తడిగా మిగిలిపోతే ఆ రాయి ముట్టుకోకూడదు. ఆ గీత దగ్గరే ఏదో ఒకరోజు విరుగుతుంది.

తరవాత నన్ను పిలిచారు.

"అమ్మా, నీకు సదువొచ్చు. నా రాత కోడి గీకినట్టుంటాది. పైఆఫీసుకి ఉత్తరం రాయాల."

ఆయన చెప్పారు, నేను రాశాను. వచ్చినవి వడ్రంగి ఉలులని, రాతికి పనికిరావని, ఒక అమ్మాయికి దెబ్బ తగిలిందని, రాతి ఉలులూ బలపం రాయీ పంపాలని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. బళ్ళో దానికి బహుమతులు కూడా వచ్చాయి. ఇరవై మందిమీ వరసగా సంతకాలు పెట్టాం. అప్ప బొటనవేలు సిరాలో అద్దబోతూ ఆగింది.

"ఏటి రాసినావో సదువు సెల్లీ."

మొదటి నుంచి చివరిదాకా చదివాను. విని, "బాగా రాసినావు" అని వేలిముద్ర వేసి, వేలికున్న సిరా జుట్టుకి రాసుకుంది.

పది రోజులయ్యాక ఆఫీసరు గారు నన్ను గదిలోకి పిలిచారు. కుర్చీ చూపించారు. టీ తెప్పించారు. అంతకుముందు మాలో ఎవ్వర్నీ ఆయన కూర్చోమనలేదు.

"మీరు చదువుకున్నవారు, మీకు చెప్తే అర్థమవుతుంది. ఆ ఉత్తరం మీద విచారణకి వస్తారు. వస్తే ఏం చేస్తారు? సెంటరు మూసేస్తారు. ఎవరికీ సర్టిఫికెట్లు రావు. ఇరవై కుటుంబాలు. ఆలోచించండి."

నేను టీ గ్లాసు అందుకున్నాను.

"పనిముట్లు బాగానే ఉన్నాయి, వాడడం చెప్పడంలో పొరపాటు జరిగి పాడయ్యాయి అని మీ అందరూ ఒక కాయితం ఇస్తే గొడవ ఉండదు. వచ్చే బ్యాచ్‌కి ఇక్కడే అసిస్టెంటు కావాలి మాకు. మీలాంటివాళ్ళయితే బావుంటుంది."

"మరి మేస్త్రి గారు?"

"ఆయన పెద్దాయన. ఎలాగూ ఎన్నాళ్ళో చెయ్యలేరు."

నన్నెవరూ బెదిరించలేదు. ఇన్నేళ్ళలో నాకు నేను చాలా సమాధానాలు చెప్పుకున్నాను. సెంటరు మూతపడితే అందరూ నష్టపోతారని, మా ఆయన మిల్లు పని ఆ ఏడాది సరిగా లేదని, ఆఫీసరు గారు చెప్పినట్టు మేస్త్రి గారు ఎలాగూ వెళ్ళిపోయేవారేనని. అవన్నీ తరవాత వచ్చిన ఆలోచనలు. ఆ గదిలో టీ తాగుతున్నప్పుడు నాకు కనబడింది ఒక్కటే, అప్ప ముందు కుర్చీలో కూర్చుని నేను పాఠం చెప్పడం. అక్కడే తెల్లకాయితం తీసుకుని రాశాను. మొదటి ఉత్తరం కంటే ఇదే ముచ్చటగా వచ్చింది.

మర్నాడు మేస్త్రి గారు బంధువుల ఇంట్లో పెళ్ళికి విజయనగరం వెళ్ళారు. ఆ రోజే సంతకాలు పెట్టించమన్నారు ఆఫీసరు గారు. కొందరు చదవకుండా పెట్టేశారు. కొందరు చదివి, నా మొహం చూసి పెట్టారు. కనుబొమకి కుట్లు పడ్డ అమ్మాయి మొత్తం చదివి చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది.

"పెట్టకపోతే సర్టిఫికెట్టు రాదా?"

"రాదంటున్నారు."

పెట్టింది.

ఆఖర్న అప్ప. గ్రానైటు ముక్క మీద నీళ్ళు పోసి ఆరుతుందేమోనని చూస్తోంది. సిరా డబ్బా చూసి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఏటి రాసినావో సదువు సెల్లీ."

కాయితం ఎత్తి పట్టుకున్నాను. "పనికిరాని ఉలులు వెనక్కి తీసుకుని రాతి ఉలులు పంపమని మళ్ళీ అడుగుతున్నాం" అని చదివాను. ఒక వాక్యం చదివితే అంత పెద్ద ఉత్తరానికి చాలదనిపించి, బలపం రాయి గురించి కూడా రెండు ముక్కలు చేర్చాను. కళ్ళు వరసల మీద కదిలిస్తూనే ఉన్నాను.

"పెద్దాయనకి తెలుసా?"

"ఆయనే రాయమన్నారు."

వేలిముద్ర వేసింది. సిరా జుట్టుకి రాసుకుని మళ్ళీ రాయి దగ్గరికి పోయింది.

నాలుగు రోజుల తరవాత ఆఫీసరు గారు మా అందరి ముందూ మేస్త్రి గారిని నిలబెట్టి ఆ కాయితం పైకి చదివారు. శిక్షణ ఇచ్చే వ్యక్తి కొత్త పనిముట్ల వాడకం తెలియక మొత్తం పాడుచేశారని, దెబ్బ తగలడానికి కూడా ఆయన అజాగ్రత్తే కారణమని. నా మాటలే. వింటుంటే ఎవరివోలా ఉన్నాయి.

చదువుతుండగానే అప్ప లేచి నిలబడింది.

"అలగ నేదు బాబూ అందులో. కొత్త ఉలులు ఇమ్మని కదా ఉన్నాది?"

మేస్త్రి గారు కాయితం చూపించమన్నారు. ఇచ్చారు. ఆయన చదవలేదు, చేతిరాత చూశారు. కింద సంతకాలు చూశారు. వేలిముద్ర దగ్గర కాసేపు ఆగారు. నావైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. కాయితం తిరిగిచ్చేసి, మధ్యలో ఉన్న ఆరు ఉలులూ ఒక్కొక్కటే తీసి గుడ్డతో తుడిచి గోనెసంచిలో వేసుకోవడం మొదలుపెట్టారు.

అప్ప నా దగ్గరకొచ్చింది.

"నువ్వు నాకు సదివినది ఇది కాదు."

"అప్పా, సెంటరు మూసేస్తారంటే..."

"ఇప్పుడు సదువు. అందులో ఏటున్నాదో అది సదువు."

కాయితం కోసం నేను చెయ్యి కూడా చాపలేదు.

"ఇరవయ్యేళ్ళు సేపలమ్మినాను. ఒక్కనాడు కుళ్ళిన సేప ఎవులికీ అంటగట్టనేదే నాను" అంది. అరవలేదు. చుట్టూ అందరికీ వినబడింది మాత్రం.

తరవాత వెళ్ళి మేస్త్రి గారి చేతిలోంచి గోనెసంచి లాక్కుంది. ఆయన వద్దంటుంటే వినకుండా చీర చెంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టి, దాని మీద సంచి ఎత్తుకుంది. ఇద్దరూ బస్టాండు వైపు నడిచి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆవిడ కేంద్రానికి రాలేదు.

మిగిలిన నెలలు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా లేదు. ఒకాయన వచ్చి రబ్బరు అచ్చుల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి బొమ్మలు తియ్యడం నేర్పాడు. ఎర్ర పెట్టెలు గోడ వారన తుప్పుపట్టాయి. విచారణకి వచ్చినవాళ్ళు కాయితం చూసి, టీ తాగి వెళ్ళారు. ఆఖరి రోజున అందరికీ సర్టిఫికెట్లిచ్చారు. అసిస్టెంటు పని ఎవరో తెలిసినవాళ్ళ కోడలికి వచ్చింది. ఆఫీసరు గారిని అడుగుదామని వెళ్తే అప్పటికే బదిలీ అయి వెళ్ళిపోయారు.

మా ఆయనకి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. "పోన్లే, నువ్వొక్కదానివే ఎట్టినావా సంతకం? అందరూ ఎట్టినారు కదా" అన్నాడు. తిడితేనే బావుండేది.

ఆ సర్టిఫికెట్టు చూపించే రెండేళ్ళ తరవాత ఆమదాలవలసలో ఒక ప్రైవేటు బళ్ళో క్రాఫ్టు టీచరుగా చేరాను. రంగు కాయితాలు కత్తిరించడం, అగ్గిపుల్లలతో ఇళ్ళు కట్టించడం. రాష్ట్రం విడిపోయి నాలుగైదేళ్ళయ్యాక ఒకసారి ప్రిన్సిపాలు గారు పిల్లలకి శిల్పం క్లబ్బు పెడదామన్నారు. ఫోనులో ఒక పెట్టె బొమ్మ చూపించి, "బిగినర్స్ కిట్ అట, ఇది తెప్పించేద్దాం" అన్నారు. పసుపు పిడులున్న ఉలులు. "వద్దండీ, నేను చూసి తెస్తాను" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. అంతకుముందు నేను ఏ విషయంలోనూ వద్దన్నది లేదు.

మా పుట్టిల్లు కోటబొమ్మాళి దగ్గర పల్లె. ఆ ఆదివారం అమ్మని చూడడానికి వెళ్తే, హైవే పక్కన ఒకావిడ రాతి పని చేస్తోందని, సన్నికళ్ళు, రుబ్బురోళ్ళు, అమ్మవారి రాళ్ళు చెక్కుతుందని మా వదిన చెప్పింది. ఆటో దిగేదాకా నాకు తట్టలేదు. దిగాక సుత్తి ఎత్తే తీరు చూసి గుర్తుపట్టాను.

తాటాకు పందిరి కింద కూర్చుని ఉంది. మొహానికి తడిగుడ్డ కట్టుకుంది. నన్ను చూసి సుత్తి దించింది. గుడ్డ కిందకి లాగింది. గుర్తుపట్టిందని కళ్ళలోనే తెలిసింది.

"రండి. ఏటి కావాల?"

సెల్లీ అనలేదు. నేను అప్పా అన్నాను. వినబడనట్టు ఊరుకుంది. బళ్ళో టీచరునని, పిల్లలకి పనిముట్లు కావాలని చెప్పాను.

"ఎంతెంత పిల్లలు టీచరుగారూ?"

"పదేళ్ళు, పన్నెండేళ్ళు."

"రాయి వొద్దు ఆలకి. మొదట మట్టి. తరవాత బలపం రాయి. ముందు కళ్ళద్దాలు కొనండి, ఉలులు తరవాత. రాయి తడిపి కొట్టాల, పొడి రాయి కొట్టనివ్వకండి. సుత్తి మీ సెయ్యి సూసి కొనకండి, ఆల సెయ్యి సూసి కొనాల."

తన దగ్గరున్న చిన్న సుత్తులు తీసి ఒక్కొక్కటీ పిడి తిప్పి చూసింది. ఒకదాని తల కొంచెం కదులుతోందని పక్కన పడేసింది. ఉలులు ఏరింది. మొన చూసి, వెలుగుకి పెట్టి చూసి, రెండు వద్దని తీసేసింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎవరు కొనడానికొచ్చినా అంత శ్రద్ధగానే ఏరేదనిపించింది. ఆ శ్రద్ధే నన్ను చంపేసింది.

మేస్త్రి గారి గురించి అడిగాను.

"పోనాడు. రెండేళ్ళయినాది. ఆఖరిదాకా ఆలింటికి ఎల్లి పని నేర్సుకున్నాను."

"నా గురించి ఏమైనా అనేవారా?"

"ఎందుకంటాడు? ఆయనకి పని తప్ప మరేటి పట్టేది?"

ఇంకొన్ని ఉలులు కమ్మరి దగ్గర చేయించాలని, ఎన్ని కావాలో, ఎంత పొడవో కాయితం మీద రాసివ్వమంది. బ్యాగులోంచి కాయితం తీసి రాశాను. ఇచ్చాను. మడిచి పెట్టుకుంటుందనుకున్నాను. రాయి మీద పరిచి, వేలు కింద పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. సూ, ది, ఉ, లి. ఆరు. చ, ప్ప, ట. ఒత్తుల దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది. హైవే మీద లారీలు పోతున్నాయి. నేను నిలబడే ఉన్నాను. ఆఖరి వరస దాకా చదివేసరికి ఎంతసేపయిందో.

"సరిగ్గానే రాసినారు" అంది.

"చదువెప్పుడు నేర్చుకున్నావప్పా?"

"ఆయనే నేర్పినాడు. బలపం రాయి మీద అచ్చరాలు సెక్కించీవోడు. ఒక్కో అచ్చరం రెండు రోజులు."

ఇక ఆగలేకపోయాను. "అప్పా, నన్ను తిట్టు. ఏదో ఒకటను. ఆ రోజు నేను చేసింది..."

ఆవిడ తడిగుడ్డ పైకి లాగి మొహానికి కట్టుకుంది.

"ఎందుకు టీచరుగారూ? వారం పోయినాక రండి, ఉలులు సిద్ధంగా ఉంటాయి. ఎండెక్కిపోతన్నాది, నాకు పనుంది."

సుత్తి ఎత్తింది. కాసేపు నిలబడి వచ్చేశాను.

వారం తరవాత నేను వెళ్ళలేదు, బడి అటెండర్ని పంపించాను. మంచి పనిముట్లొచ్చాయి. ఒక్కటీ వంక పెట్టడానికి లేదు. క్లబ్బు రెండు వారాలు నడిచింది. పిల్లలు మట్టి పనిలో ఉండగానే, ఉలులూ సుత్తులూ ఏమిటని, పిల్లల చేతులు విరగ్గొడతారా అని ఎవరో తల్లిదండ్రులొచ్చి గొడవ చేశారు. ప్రిన్సిపాలు గారు ఆ పీరియడ్ స్పోకెన్ ఇంగ్లీషుకిచ్చేశారు. ఉలుల్ని మాత్రం తన గదిలో అద్దాల బీరువాలో వరసగా పేర్పించారు, బడి చూడ్డానికి వచ్చేవాళ్ళకి బావుంటుందని. ఇప్పించండని రెండుసార్లు అడిగాను. మూడోసారి అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది. నాకు ఎప్పుడూ అంతవరకే ఉంటుంది ధైర్యం.

ఆ ఎండాకాలం సెలవుల తరవాత బడి మానేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక బట్టల షాపులో పనిచేస్తున్నాను. వచ్చినవాళ్ళ ముందు పట్టుచీరలు విప్పి పరచడం, వాళ్ళు వెళ్ళాక మడతపెట్టడం. చెయ్యి గరుగ్గా ఉంటే పట్టు దారం లేచిపోతుందని మా యజమాని పనిలో చేరిన రోజే నా అరచేతులు తిప్పించి చూశాడు. మెత్తగా ఉన్నాయని వెంటనే తీసుకున్నాడు.